సేంద్రియ వరికి నీళ్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: వరి నీటి మొక్క, కయ్యలో ఎప్పుడూ నీళ్లు నిలబడాలి.

శ్రీకాళహస్తి, ఏర్పేడు వైపు ఏ ఊరికి వెళ్లినా రైతులు నాతో ముందు అనే మాట ఇదే. వరి వేళ్లలో, కాండంలో గాలి గదులుంటాయి కాబట్టి నిలవ నీటిని తట్టుకుంటుంది. అంతేగానీ నీళ్లు నిలవకపోతే చచ్చిపోదు. మనం నీళ్లు కట్టేది చాలావరకు ఊద, తుంగ లేవకుండా. కలుపు మందు కొట్టని రైతుకు ఈ భయం ఉండటం న్యాయమే. అందుకే నాట్లు వేశాక మొదటి రెండు వారాలు పలచగా నీళ్లు ఉంచమనే నేనూ చెబుతాను. ఆ తర్వాత కలుపు సంగతి కోనోవీడర్ (సాళ్ల మధ్య తోస్తూ కలుపును బురదలో తొక్కే చేతి పరికరం) చూసుకుంటుంది. అది తిరగాలంటే సాళ్లు కావాలి, కాబట్టి వరుస నాట్లు వేయాల్సిందే.

అపోహ: ఆరబెడితే దిగుబడి పోతుంది.

ఎంత ఆరబెట్టామన్నదే ముఖ్యం. అడుగు పొడవున్న పీవీసీ పైపు ముక్క తీసుకుని, కింది 20 సెంటీమీటర్ల మేర చుట్టూ రంధ్రాలు వేయండి. ఆ భాగం భూమిలోకి పోయేలా గెనిమకు (గట్టుకు) దగ్గర్లో దించి, లోపలి మట్టి తీసేయండి. పైపులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు మళ్లీ 5 సెంటీమీటర్ల నీళ్లు పెడితే చాలు. పైన మట్టి ఆరినట్టున్నా వేళ్లకు తడి అందుతూనే ఉంటుంది. ఇలా చేస్తే 15 నుంచి 30 శాతం దాకా నీళ్లు మిగులుతాయి. కానీ ఈనికకు (వెన్ను బయటికి వచ్చే దశకు) వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరబెట్టొద్దు. అప్పుడు బెట్టకు గురైతే తాలు గింజలు పెరుగుతాయి. ఇసుక నేలల్లో మట్టం త్వరగా దిగుతుంది, పైపును రోజూ చూసుకోవాలి.

అపోహ: పచ్చిరొట్ట వేసిన మడిలో నీళ్లు తీయకూడదు.

నేను గట్టిగా కాదనేది దీన్నే. పచ్చిరొట్టగా మడిలో కలియదున్నిన జీలుగ, జనుము మురగడానికి మొదట్లో నీళ్లు కావాలి, నిజమే. నాట్లయ్యాక కూడా వారాల తరబడి నిలవ ఉంచితే మాత్రం గాలి ఆడదు. ఒక దుబ్బు పీకి చూడండి. వేళ్లు నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసన వస్తే వెంటనే నీళ్లు తీసేయండి. కొత్తగా తెల్లటి వేళ్లు రావడం మీకే కనిపిస్తుంది. పచ్చిరొట్ట మురిగే నిలవ నీటి మడి నుంచి వాతావరణాన్ని వేడెక్కించే మీథేన్ వాయువు కూడా ఎక్కువగా వస్తుంది, మధ్యలో ఆరబెడితే బాగా తగ్గుతుంది.

అపోహ: అజొల్లా వేస్తే ఆరబెట్టడం కుదరదు.

అజొల్లా నీటిపై తేలుతూ పెరిగే చిన్న మొక్క, గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతుంది. దాన్ని మొదటి రెండు వారాల నీళ్లలో పెరగనిచ్చి, వీడర్‌తో బురదలోకి తొక్కేయండి. నత్రజని పంటకే అందుతుంది.

అపోహ: బోరుకు ఉచిత కరెంటే కదా, నీళ్లు పొదుపు చేస్తే మనకేం మిగులుతుంది?

మిగిలేది చివరి తడులు. వేసవి పంటలో గింజ పాలు పోసుకునే వేళకే బోరు తగ్గిపోవడం మన దగ్గర చాలామంది చూసిందే. ఈ పద్ధతి మొదలుపెట్టే ముందు దమ్ములో (నాట్లకు ముందు నీళ్లు పెట్టి దున్నేటప్పుడు) మడిని బాగా చదును చేయించండి. ఎత్తుపల్లాలుంటే ఒక మూల మునుగుతుంది, ఇంకో మూల బీటలు వారుతుంది, అప్పుడు పైపులో కనిపించే మట్టం మడి మొత్తానికీ వర్తించదు.