అపోహలు – వాస్తవాలు: పంపిన ఫొటో దాచిన ఫొటో కాదు

పోయిన వారం ఒక పెద్దాయన ఫోను చేశారు. రాత్రిపూట మేడ మీద నిలబడ్డ కూతురు, ఆమె తల పైన ఓరియన్ అనే వేటగాడి నక్షత్రరాశి నడుమున మెరిసే మూడు చుక్కలు. మూడేళ్ల కిందట తన ఫోనుతోనే తీసిన ఫొటో అట. ఇప్పుడు ఆ అమ్మాయి దూరదేశం వెళ్లిపోయింది. ఆ ఫొటోను గోడకు పెట్టుకునేంత పెద్దగా ప్రింటు వేయించాలని ఆయన కోరిక. ఫైలు పంపమన్నాను. వచ్చినదాన్ని తెరిచి చూస్తే పొడవైన వైపు 1600 పిక్సెళ్లు, ఆకాశమంతా గళ్లు గళ్లుగా మసక. "ఇది కాదండీ, అసలు ఫైలు పంపండి" అన్నాను. "ఇదే అసలు బాబూ. ఫోనులో చోటు చాలక గ్యాలరీలోంచి తీసేశాను. అప్పుడే అందరికీ పంపాను కదా, గ్రూపులో భద్రంగానే ఉంది" అన్నారు.

ఔత్సాహికులు తీసిన ఫొటోలను ఎంచి, సరిచేసి, ప్రదర్శనలకూ ప్రింట్లకూ సిద్ధం చేయడం నా పని. ఈ సమాధానం వినకుండా నాకు నెల గడవదు. కెమెరాల గురించి, లెన్సుల గురించి, చంద్రుడి గురించి అపోహలు చాలానే ఉన్నాయి. వాటివల్ల పోయేది కాస్త డబ్బు, కాస్త సమయం. "పంపాను కాబట్టి ఉంది" అనే ఈ ఒక్క అపోహ వల్ల మాత్రం ఫొటోయే పోతుంది, మళ్లీ తీసే అవకాశం కూడా ఉండదు. అందుకే ముందు దీని సంగతి.

వాట్సాప్ వంటి యాప్‌లో మామూలుగా ఫొటో పంపినప్పుడు అవతలివారికి చేరేది మీ ఫైలు కాదు, దాన్నుంచి యాప్ తయారుచేసిన చిన్న నకలు. ఫోను తీసే 4000 × 3000 ఫొటోలో 1 కోటి 20 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. దాన్ని 1600 × 1200కు కుదిస్తే మిగిలేవి 19 లక్షల చిల్లర, అంటే ఆరో వంతు కూడా కాదు. ప్రింటు లెక్కలో చెప్పాలంటే, అంగుళానికి 300 చుక్కల చొప్పున అసలు ఫైలు 13 అంగుళాల వెడల్పుకు హాయిగా సరిపోతుంది. నకలు 5 అంగుళాలు దాటితే పలచబడిపోతుంది. హెచ్‌డీ అని ఎంచుకుంటే నష్టం తగ్గుతుంది, అంతే. అదీ నకలే.

కుదింపు అక్కడితో ఆగదు. ఫొటో ఫైళ్లను చిన్నవి చేసే జేపెగ్ పద్ధతి బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గడులుగా విడదీసి, ఒక్కో గడిలో మన కన్ను పెద్దగా పట్టించుకోని సన్నని వివరాన్ని వదిలేస్తుంది. పగటిపూట తీసిన ముఖం మీద దీని ప్రభావం అంతగా తెలియదు. రాత్రి ఆకాశం సంగతి వేరు. నక్షత్రమంటేనే రెండు మూడు పిక్సెళ్ల వివరం. కుదించేసరికి అది ఒక పిక్సెల్ అంతదై పక్కనున్న చీకటిలో కలిసిపోతుంది. మిగిలిన కాస్త మెరుపును గడుల కుదింపు తుడిచేస్తుంది. దిగంతం దగ్గర లేత నీలం నుంచి నలుపుకు నెమ్మదిగా మారే రంగు మెట్లు మెట్లుగా విడిపోతుంది. అదే ఫొటోను ఇంకొకరు ఫార్వర్డ్ చేసి, మరొకరు స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని వేరే యాప్‌లో పెడితే నకలుకు నకలు, దానికి ఇంకో నకలు. పరిసరాల ఫొటోలకూ ఇదే గతి. వాన వెలిసిన వీధిలో తీగ మీద వేలాడే నీటిబొట్లు, పాత గోడ మీది పెచ్చులు, వేపచెట్టు ఆకుల అంచులు అన్నీ సన్నని వివరాలే. మీరు ఏ వివరం కోసం ఆగి ఆ ఫొటో తీశారో అదే ముందుగా పోతుంది.

పిక్సెళ్లతో పాటు ఇంకొకటి కూడా పోతుంది, దాని మాట ఎవరూ తలవరు. కెమెరా ప్రతి ఫొటో లోపలా తీసిన తేదీ, సమయం, షట్టరు ఎంతసేపు తెరిచి ఉంది, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలన్న అంకె) ఎంత అన్నవి రాసిపెడుతుంది. ఎగ్జిఫ్ అంటే ఇదే. మామూలుగా పంపిన ఫొటోలో ఇది ఉండదు. అయిదేళ్ల తరువాత "ఈ ఉల్క ఏ రాత్రి పడింది?" అని మీకు మీరే ప్రశ్న వేసుకుంటే జవాబు దొరకదు.

మనలాంటివాళ్ల ఫొటోలకు అంత అవసరమా అని అడిగేవారికి నేను ఎప్పుడూ చెప్పేది అర్జెంటీనాలోని రొసారియో నగరానికి చెందిన విక్టర్ బూసో కథ. ఆయన వృత్తి తాళాల పని, ఆకాశం ఆయన అభిరుచి. 2016 సెప్టెంబరు 20 రాత్రి కొత్త కెమెరాను పరీక్షిద్దామని తన టెలిస్కోపుకు తగిలించి, ఎన్‌జీసీ 613 అనే గెలాక్సీ వైపు తిప్పి వరుసగా ఫొటోలు తీశారు. మొదటి ఫొటోల్లో విశేషమేమీ లేదు. తరువాతి వాటిలో అంతకుముందు లేని చుక్క ఒకటి కనిపించి, నిమిషాల్లోనే వెలుగు పెంచుకుంటూ పోయింది. అది సూపర్‌నోవా. ఒక నక్షత్రం పేలుడు వెలుగు పైకి పొడుచుకొచ్చే తొలి ఘడియలు అలా ఆయన కెమెరాకు చిక్కాయి. 2018లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన పత్రానికి ఆ ఫొటోలే ఆధారం. చుక్క ఇంకా కనిపించని ఆ మొదటి ఫొటోల విలువ తక్కువేమీ కాదు. చుక్క ఎప్పుడు పుట్టిందో చెప్పగలిగేవి అవే. పరీక్ష ఫొటోలే కదా అని అప్పటికప్పుడు తీసేసి, బాగా వచ్చినదాన్ని ఒక్కటి నలుగురికి పంపి ఊరుకుని ఉంటే?

అలాగే 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలిన ఉల్క ఏ దారిన వచ్చిందో, అంతకుముందు సూర్యుడి చుట్టూ ఏ కక్ష్యలో తిరిగిందో లెక్కగట్టింది కార్లలోనూ భవనాల మీదా ఉన్న మామూలు కెమెరాలు తీసిన వీడియోల నుంచే.

ఇక చేయవలసింది చెబుతాను. ఎవరికైనా ఫొటోను నిజంగా అందజేయాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టుగా వెళుతుంది. అందరితో పంచుకోవడానికి మామూలుగానే పంపండి, తప్పేమీ లేదు. కానీ అసలు ఫైలు మీ ఫోనులో కాక మరో రెండు చోట్ల ఉందని తేల్చుకునేవరకు గ్యాలరీలో చెయ్యి పెట్టకండి. ఒకటి హార్డ్ డిస్కు, రెండోది వేరే ఇంట్లో ఉండే మరో డిస్కు గానీ ఆన్‌లైన్ నిల్వ గానీ. నకలు తీశాక ఆ ఫైలును అక్కడి నుంచే తెరిచి, పెద్దది చేసి చూడండి. పేరు మాత్రం కనిపించి లోపల ఫొటో తెరుచుకోని డిస్కులు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి.

ఆన్‌లైన్‌లో ఉంది కాబట్టి ఫోనులో తీసేయవచ్చు అనుకోవడం ఇదే అపోహకు తోబుట్టువు. చాలా ఫోన్లలో జరిగేది సింక్, అంటే రెండు చోట్లా ఒకేలా ఉంచడం. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. చెత్తబుట్టలో 30 రోజులో 60 రోజులో ఉంటుంది. ఆ గడువు దాటాక ఎవరిని బతిమాలినా తిరిగి రాదు. ఇప్పుడే తీసేసి కంగారు పడుతున్నవారు ముందు ఆ చెత్తబుట్ట తెరిచి చూడండి. కెమెరా మెమొరీ కార్డులోంచి పొరపాటున తీసేసి ఉంటే ఆ కార్డును వెంటనే బయటికి తీయండి, దాని మీద ఇంకొక్క ఫొటో కూడా తీయకండి. కొత్తది పాతదాని చోటును ఆక్రమించనంతవరకు తిరిగి రాబట్టే అవకాశం బాగానే ఉంటుంది. ఈ మాట తెలియక, కార్డు పనిచేస్తోందో లేదోనని పరీక్షగా పది ఫొటోలు తీసి మరీ తెచ్చేవాళ్లను చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది.

పెద్దాయన ఫొటోను 5 అంగుళాల వెడల్పుతోనే ప్రింటు వేసి ఇచ్చాను. మూడు చుక్కల్లో రెండే మిగిలాయి. మూడోదాన్ని గీసి పెట్టమని ఆయన అడగలేదు, పెడతానని నేనూ అనలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ఖరీదైన కెమెరా ఉంటేనే నక్షత్రాలు వస్తాయన్నది తప్పు. ఫోను కదలకుండా ఉండాలి, కాసేపు దాని షట్టరు తెరిచి ఉంచాలి, అంతే. ముందు ట్రైపాడు కొనండి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. 500ను లెన్సు ఫోకల్ లెంగ్తుతో, అంటే లెన్సు ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే మిల్లీమీటర్ల అంకెతో, భాగిస్తే ఎన్ని సెకన్లవరకు ఆగవచ్చో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఫోను ప్రధాన లెన్సు ఫుల్‌ఫ్రేమ్, అంటే పెద్ద కెమెరాల, లెక్కలో సుమారు 25 మిల్లీమీటర్లు అనుకుంటే 20 సెకన్లు. ఇంకాస్త తగ్గిస్తే ఇంకా మేలు.

కంటికి అంత పెద్దగా కనిపించే చంద్రుడు ఫోనులో చుక్కలా వస్తున్నాడంటే ఫోను చెడిపోయిందని కాదు. చంద్రుడు ఆకాశంలో ఆక్రమించేది అర డిగ్రీ మాత్రమే. ఫోను లెన్సు అసలు ఫోకల్ లెంగ్తు 6 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది కనుక వెలుతురును పట్టే సెన్సరు మీద పడే చంద్రబింబం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. తెల్లటి ముద్దలా రావడానికి కారణం వేరు. చంద్రుడు ఎండలో ఉన్న రాయి, అతనికి పగటి ఎక్స్‌పోజరే, అంటే పగటిపూట కెమెరాలోకి రానిచ్చేంత వెలుతురే, సరిపోతుంది. తెర మీద చంద్రుడిని తాకి వెలుగు తగ్గించండి, మచ్చలు కనిపిస్తాయి. అప్పుడు నక్షత్రాలు మాయమవుతాయి, అదీ సహజమే. చంద్రుడి మీద దిగినవాళ్లు తీసిన ఫొటోల్లో నక్షత్రాలు లేకపోవడానికి కారణం కూడా ఈ ఎక్స్‌పోజరే. దాని మీద అల్లిన పుకార్లు చదివి నాకు విసుగెత్తిపోయింది.

ఒకావిడ తన చంటిబిడ్డ ఫొటో పట్టుకుని వణుకుతూ వచ్చింది. చీకటి గదిలో బిడ్డ చుట్టూ తెల్లటి గుండ్రటి మచ్చలు. ఎవరో అవి ఆత్మలని చెప్పారట, ఆ తల్లికి మూడు రాత్రులు నిద్ర లేదు. ఫ్లాష్ లెన్సుకు పక్కనే ఉన్నప్పుడు, గాలిలో తేలే దుమ్ముకణం మీద పడిన వెలుగు నేరుగా వెనక్కి వచ్చి ఫోకస్ లేని గుండ్రటి మచ్చగా పడుతుంది. ఆమె ముందే నా గదిలో ఒక గుడ్డ దులిపి ఫ్లాష్‌తో ఫొటో తీసి చూపించాను. ఆమె భయపడినందుకు తప్పుపట్టను. అటువంటి తల్లికి ఆత్మలని చెప్పినవాళ్లను మాత్రం క్షమించలేను.

ఆకాశంలో వరుసగా రైలుపెట్టెల్లా సాగే దీపాలు, ముఖ్యంగా సాయంత్రం, తెల్లవారుజామున కనిపించేవి, 2019 మే నుంచి ఇంటర్నెట్ కోసం గుంపులుగా పంపుతున్న స్టార్‌లింక్ ఉపగ్రహాలు. గ్రహాంతరవాసులంటూ ఫార్వర్డ్ చేయకండి.

సూర్యుడి విషయంలో మాత్రం తొందరపడకండి. గ్రహణం అద్దాలు కంటికి పెట్టుకుని కెమెరాలో కన్ను ఆనించి చూసే అద్దపు వ్యూఫైండరులోంచో టెలిస్కోపులోంచో చూడటం క్షేమం కాదు. లెన్సు పోగుచేసిన వెలుగు ఆ అద్దాలను దాటి కంటిని కాల్చేస్తుంది. సౌర ఫిల్టరు లెన్సు ముందు ఉండాలి. ఇందులో ప్రయోగాలు వద్దు.

ఫొటో పంపితే ఇంటి చిరునామా తెలిసిపోతుందన్న భయంలో సగం నిజముంది. డాక్యుమెంట్‌గా పంపితే ఎగ్జిఫ్‌తో పాటు, కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి ఉంటే, తీసిన చోటు కూడా వెళుతుంది. నేను పైన చెప్పిన పద్ధతి నమ్మకస్తుల కోసమే. ముక్కూ మొహం తెలియనివారికి పంపేముందు లొకేషన్ తీసేయండి.

చివరిగా, "నా ఫొటో పంచుకునేంత బాగుండదు" అనేవాళ్లు. కృత్తికలను, అదే పిల్లలకోడిని, ఒక విద్యార్థిని ఫోనుతో తీసి, అన్నీ మచ్చలు మచ్చలుగా వచ్చాయని సిగ్గుపడుతూ ఒకటి పంపింది. ఇంకెన్ని తీశావని అడిగాను. ఇరవైకి పైగా, అన్నీ తీసేద్దామనుకుంటోందట. ఆపించాను. ఒకే చోటును తీసిన 16 ఫొటోలను ఒకదానిపై ఒకటి సరిగ్గా పేర్చి సగటు కడితే నాయిస్, అంటే చీకట్లో తీసిన ఫొటోలో కనిపించే గరుకు మచ్చలు, నాలుగో వంతుకు తగ్గుతుంది, ఫోను నైట్ మోడ్ లోపల చేసేది కూడా దాదాపు ఇదే. చెయ్యి తగిలి కదిలినవి పక్కన పెట్టగా 16 మిగిలాయి. పేర్చాక కంటికి కనిపించే ఆరింటికి తోడు చిన్న చుక్కలు ఎన్నో పైకి తేలాయి. ఆ అమ్మాయి దాన్ని తేదీ, సమయం, ఎన్ని సెకన్లు, ఎన్ని ఫొటోలు అన్న వివరాలు కింద రాసి అందరికీ పంపింది. అసలు ఫైళ్లు రెండు డిస్కుల్లో ఉన్నాయి, నేనే తెరిచి చూశాను.