మగపిల్లలను గ్రౌండుకు పంపేసి చెప్పే పాఠం: అపోహలు - వాస్తవాలు

"మగపిల్లలను గ్రౌండుకు పంపించాం మేడమ్. ఇక మీరు ఆడపిల్లలకు చెప్పండి." కౌమార ఆరోగ్యం మీద పాఠం చెప్పడానికి ఏ హైస్కూలుకు వెళ్లినా నాకు మొదట వినిపించే మాట ఇదే. నాకు ఇబ్బంది కలగకూడదనే ఉద్దేశంతోనే అంటారు. కానీ డాక్టరుగా నేను చూసిన నష్టాల్లో చాలా వాటికి మూలం అక్కడే ఉంది.

అపోహ: ఈ పాఠం ఆడపిల్లలకే. మగపిల్లలు వాళ్లంతట వాళ్లే తెలుసుకుంటారు.

తెలుసుకుంటారు, కానీ ఎవరి దగ్గర? బస్టాండు గోడల మీద "నరాల బలహీనత, ధాతు నష్టం" అని రాయించి, లాడ్జి గదుల్లో లేహ్యాలు అమ్మేవాళ్ల దగ్గర. లైంగిక శక్తి పెంచుతామంటూ మందులను ప్రచారం చేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. అయినా ఆ రాతలు చెరగలేదు.

పాఠం అయ్యాక ఒక అట్టపెట్టె పెట్టి, పేరు లేకుండా చీటీలు వేయమంటాను. ఆడపిల్లల చీటీల్లో నెలసరి నొప్పి, తెల్లబట్ట గురించి ప్రశ్నలుంటాయి. మగపిల్లల చీటీల నిండా భయమే. "నిద్రలో బట్టలు తడుస్తున్నాయి. నేను బతుకుతానా?" "ఒక్క వీర్యపు బొట్టు పోతే 40 రక్తపు బొట్లు పోయినట్టేనా?"

కాదు నాన్నా. వీర్యం రక్తాన్ని కరిగించి తయారయ్యేది కాదు. అందులో ఎక్కువ భాగం వీర్యాశయాలు, ప్రొస్టేట్ గ్రంథి నుంచి వచ్చే ద్రవమే. యుక్తవయసు వచ్చాక అది తయారవుతూనే ఉంటుంది, నిద్రలో కొంత బయటికి పోవడం సహజం. హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడవు, జ్ఞాపకశక్తి తగ్గదు, రేపు పిల్లలు పుట్టకుండా పోరు. ఒక వృషణం రెండోదాని కంటే కాస్త కిందికి ఉండటం కూడా మామూలే. ఈ భయంతో వచ్చే నీరసం, నిద్రలేమి, గుండెదడ మాత్రం నిజమైనవే. 1960లోనే మానసిక వైద్యులు ఎన్.ఎన్. విగ్ దీనికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. దీనికి కావలసింది లేహ్యం కాదు, ధైర్యం చెప్పే మనిషి.

కొన్నేళ్ల కిందటి సంగతి. వసతి గృహంలో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక పిల్లవాడికి అర్ధరాత్రి వృషణంలో భరించలేని నొప్పి వచ్చింది. వార్డెన్‌తో కడుపునొప్పి అన్నాడు. మాత్ర ఇచ్చారు. ఆసుపత్రికి తెచ్చేసరికి మర్నాడు సాయంత్రమైంది. వృషణం మెలిక పడితే రక్తప్రసరణ ఆగిపోతుంది. 6 గంటల లోపు ఆపరేషన్ చేస్తే చాలావరకు కాపాడవచ్చు. వాడికి ఆ సమయం దాటిపోయింది, తీసేయాల్సి వచ్చింది.

"ఒక్క మాట చెప్పొచ్చు కదరా" అని తండ్రి ఏడిచాడు. వాడు తల దించుకుని, "సార్‌తో ఆ మాట ఎలా అనాలి నాన్నా?" అన్నాడు. ఆ అవయవానికి వాడికి తెలిసినది బూతు మాట ఒక్కటే. పైగా హస్తప్రయోగం చేసినందుకు పడిన శిక్ష అనుకున్నాడట.

మూడు వారాల ముందే నేను ఆ స్కూలుకు వెళ్లాను. మగపిల్లలు గ్రౌండులో ఉన్నారు. నేను అడ్డు చెప్పలేదు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

మాట తెలియని పిల్లవాడు తన మీద జరిగిన దాడిని కూడా చెప్పలేడు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వెలువరించిన అధ్యయనంలో, లైంగిక వేధింపులకు గురయ్యామని చెప్పిన పిల్లల్లో సగానికి కాస్త ఎక్కువ మంది మగపిల్లలే. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం ఆడపిల్లలను, మగపిల్లలను ఒకేలా కాపాడుతుంది. పిల్లల సహాయవాణి 1098కి మగపిల్లలు కూడా ఫోన్ చేయవచ్చు.

మిగతా అపోహలు. "చెబితే చెడిపోతారు": ఎన్నో అధ్యయనాలను పరిశీలించి లైంగిక విద్య మీద 2018లో యునెస్కో వెలువరించిన మార్గదర్శకాలు ఈ మాటను కొట్టిపారేశాయి. ఈ పుకారుకు ఇంతకంటే సమయం ఇవ్వను. "సైన్సు పుస్తకంలో ఉంది కదా": ఉంది, ఆ పాఠం రాగానే ఇంట్లో చదువుకోండి అంటారు. "పెళ్లయ్యాక తెలుస్తుంది": 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. వాళ్లకు పాఠం ఎప్పుడు చెబుతాం?

ఇప్పుడు మగపిల్లలు వచ్చి కూర్చునేదాకా మొదలుపెట్టను. బోర్డు మీద ముందుగా "వృషణం" అని రాసి, అందరితో పైకి చదివిస్తాను. నవ్వుతారు, నవ్వనిస్తాను. మూడోసారికి నవ్వు ఆగిపోతుంది. వసతి గృహం ఉన్న స్కూలయితే వార్డెన్‌ను కూడా పిలిచి, "ఇక్కడ నొప్పి వస్తే రాత్రి ఎన్ని గంటలకైనా నన్ను లేపండి" అని పిల్లల ముందే చెప్పిస్తాను.