“యాంటీవైరస్ ఉంది కదన్నా!”: మా షాపులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

హన్మకొండలో కాలేజీల దగ్గర నాకో చిన్న కంప్యూటర్ సర్వీస్ షాపు ఉంది. 14 ఏళ్లుగా నడుపుతున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంటర్, డిగ్రీ, బీటెక్ పిల్లలే. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి “నేనేం చేయలేదన్నా, దానంతటదే అయింది” అంటారు. అబద్ధమాడరు పాపం, ఎక్కడ నొక్కితే వైరస్ వచ్చిందో వాళ్లకు నిజంగానే తెలియదు.

అపోహ: యాంటీవైరస్ ఉంటే ఏదైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

వాస్తవం: ఈ ధైర్యంతో ఎక్కువగా దెబ్బతినేది క్రాక్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు, అంటే డబ్బు కట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌ను లైసెన్స్ తాళం విరగ్గొట్టి ఊరికే పంచితే దించుకునేవాళ్లు. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఊరికే వస్తుందని ఏదో లింకు నుంచి జిప్ ఫైలు దించుకుంటారు. దానికో పాస్‌వర్డ్ ఉంటుంది. ఎందుకో తెలుసా? పాస్‌వర్డ్ ఉన్న జిప్ లోపల ఏముందో యాంటీవైరస్‌కు కనిపించదు. విప్పగానే ఒక నోట్: “ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి.” పిల్లలు ఆఫ్ చేసేస్తారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా.

పోయినేడాది ఒక ఫైనలియర్ అబ్బాయి వచ్చాడు. ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టు అన్నీ ఉన్నాయి, ఒక్కటీ తెరుచుకోదు. ప్రతి ఫైలు పేరు చివర నాలుగు వింత అక్షరాలు. ప్రతి ఫోల్డర్‌లో ఒకటే ఉత్తరం: 980 డాలర్లు కట్టు, 72 గంటల్లోపు అయితే 490 చాలు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌ను రాన్సమ్‌వేర్ అంటారు. ‘స్టాప్ డేజావు’ అనే రాన్సమ్‌వేర్ తీరు ఇదే. పెద్ద కంపెనీల జోలికి పోదు, క్రాక్‌ల కోసం వెతికే మామూలు జనాన్నే పట్టుకుంటుంది. ఆ ఫైళ్లు నేను తెరవలేకపోయాను. రెండు నెలల కిందట తన గైడ్‌కు మెయిల్ చేసిన పాత రిపోర్టు ఒక్కటే అతనికి మిగిలింది. అందుకే చేయి పట్టుకుని చెబుతున్నాను, ప్రాజెక్టు కాపీ ల్యాప్‌టాప్‌కు బయట ఇంకోచోట పెట్టుకోండి.

ఇంకో రకం వైరస్ ఫైళ్లను ముట్టుకోదు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లను, లాగిన్ అయి ఉన్నామని చెప్పే కుకీలను ఎత్తుకెళ్తుంది. ఆ కుకీ చేతిలో ఉంటే చాలా సైట్లు దొంగలను ఓటీపీ కూడా అడగవు.

అపోహ: పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైతే డేటా పోయినట్టే, ఫార్మాట్ కొట్టాలి.

వాస్తవం: ఆగండి, మీ ఫోల్డర్లు చాలావరకు అక్కడే ఉంటాయి. జిరాక్స్ సెంటర్ కంప్యూటర్లోని వైరస్ వాటిని దాచేసి, అదే పేరుతో, అదే పసుపు బొమ్మతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. వాటిని నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, వెంటనే అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. అందుకే అనుమానం రాదు. బొమ్మ మూలన చిన్న బాణం కనిపిస్తే నొక్కకండి. స్కాన్ చేసి, ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాగిన ఫైళ్లు, సిస్టమ్ ఫైళ్లు కనిపించేలా పెట్టండి. ప్రింటుకు వెళ్లేటప్పుడు ఆ ఒక్క పీడీఎఫ్ మాత్రమే ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి.

అపోహ: అప్‌డేట్ చేస్తే సిస్టమ్ స్లో అవుతుంది.

వాస్తవం: పాత ల్యాప్‌టాప్ కాస్త స్లో అవ్వొచ్చు, కాదనను. దానికి ఎస్ఎస్‌డీ (పాత హార్డ్‌డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్) వేయించుకోండి, అప్‌డేట్ మాత్రం ఆపకండి. 2017 మేలో వచ్చిన వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విండోస్‌లోని ఒక లోపాన్ని వాడుకుని, ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలో ఇచ్చింది.

అపోహ: సైటుకు తాళం గుర్తు ఉంటే మంచిదే.

వాస్తవం: మీరు పంపేది దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. అవతల ఉన్నది దొంగో దొరో అది చెప్పదు. క్రోమ్ 2023లో ఆ తాళం బొమ్మనే తీసేసింది.

అపోహ: వైరస్‌లు కంప్యూటర్‌కే, ఫోన్‌కు రావు.

వాస్తవం: ఫోన్‌కూ వస్తాయి. పెళ్లి కార్డు, ట్రాఫిక్ చలానా పేర్లతో వాట్సాప్‌లో వస్తున్న ఏపీకే ఫైళ్లు (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) అలాంటివే. అసలు పెళ్లి పత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది గానీ, ఇన్‌స్టాల్ చేయమని అడగదు. ఆ ఏపీకేకు మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చారంటే మీ ఓటీపీలు దొంగలకు చేరతాయి. “మా మేనమామ నంబర్ నుంచే వచ్చిందన్నా” అంటారు. మేనమామ ఫోన్ అప్పటికే వాళ్ల చేతిలో ఉండొచ్చు. గేముల మోడ్ ఏపీకేలూ (ఎవరో మార్చి పంచే గేమ్ ఫైళ్లూ) అంతే.

అపోహ: ఇంట్లో తెలిస్తే తిడతారు, నేనే సర్దుకుంటా.

వాస్తవం: నన్ను అన్నింటికంటే బాధపెట్టేది ఇదే. ఒక ఇంటర్ అమ్మాయి వాళ్లమ్మ ఫోన్లో అలాంటి ఫైలు ఇన్‌స్టాల్ చేసి, భయపడి మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. మొదటి రోజు కొంచెమే పోయింది. మిగతా రెండు రోజుల్లో ఖాతా ఖాళీ అయింది.

అలా జరిగితే వెంటనే ఆ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు మారేలోపు చెబితే దాన్ని ఆపే అవకాశం ఉంటుంది. ఫొటోలతో ఎవరైనా బెదిరిస్తుంటే పైసా పంపకండి, చాట్ డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్లు తీసి ఇంట్లో ఒక్క మనిషికైనా చూపించండి. ఫిర్యాదు ఇచ్చాకే ఫోన్ రీసెట్ కోసం నా దగ్గరికి రండి, ముందే రీసెట్ చేస్తే సాక్ష్యం కూడా పోతుంది.