అలాస్కా ఉత్తర తీరం: తిమింగలాల లెక్క ఎవరి చేతికి వచ్చింది

ఆర్కిటిక్ మూలవాసుల ఆరోగ్యం, జీవనోపాధి, సంస్కృతి గురించి అధ్యయనం చేయదలచినవారు ముందుగా ఆ సమాజాలను సంప్రదించాలని, అధ్యయనాన్ని వారితో కలిసి రూపొందించాలని, సేకరించిన సమాచారంపై వారికున్న హక్కును అంగీకరించాలని ఆర్కిటిక్ దేశాల్లోని ఇనుయిట్ మూలవాసుల అంతర్జాతీయ సంస్థ అయిన ఇనుయిట్ సర్కంపోలార్ కౌన్సిల్ 2022లో విడుదల చేసిన నియమావళి కోరుతోంది. ఈ కోరిక వెనుక ఎంత చరిత్ర ఉందో తెలియాలంటే అలాస్కా ఉత్తర కొసన ఉన్న ఉట్కియాగ్విక్‌ను చూడాలి. 2016 దాకా దాని అధికారిక నామం బారో. ఆ కౌన్సిల్ తొలి సమావేశం 1977లో జరిగింది కూడా అక్కడే. సుమారు 5 వేల జనాభా గల ఆ ఊరికి బయటి నుంచి రోడ్డు మార్గం లేదు. సరుకులు విమానంలో రావాలి, లేదా వేసవిలో మంచు కరిగినప్పుడు సరుకుల పడవల మీద రావాలి.

అక్కడి ఇనుయిట్ మూలవాసులైన ఇనుపియాట్‌ల దగ్గరకు శాస్త్రవేత్తలు పెద్ద ఎత్తున రావడం 1947లో మొదలైంది. అమెరికా నౌకాదళం ఆ ఏడాది బారో సమీపంలో ఆర్కిటిక్ పరిశోధనశాలను నెలకొల్పింది. ప్రచ్ఛన్న యుద్ధ కాలం కావడంతో ఆ పరిశోధనల వెనుక ప్రశ్నలు చాలావరకు సైన్యానివే. వాటిలో ఒకటి, తీవ్రమైన చలిని మనిషి శరీరం ఎలా తట్టుకుంటుందన్నది. ఇందులో థైరాయిడ్ గ్రంథి పాత్రను తేల్చడానికి వైమానిక దళ పరిశోధనశాల 1955–57 మధ్య 121 మందికి రేడియోధార్మిక అయోడిన్ ఇచ్చింది. వారిలో 102 మంది అలాస్కా మూలవాసులు. వారిలో చాలామందికి ఇంగ్లిషు రాదు; తమకు వైద్యం జరుగుతోందనే కొందరు అనుకున్నారు. 1996లో ఈ ఉదంతాన్ని సమీక్షించిన జాతీయ పరిశోధనా మండలి సంఘం, ఇచ్చిన మోతాదుల వల్ల శరీరానికి కలిగే ప్రమాదం చాలా స్వల్పమని చెబుతూనే, సరైన సమ్మతి లేకుండా చేయడం ద్వారా వారికి అన్యాయం చేశారని స్పష్టం చేసింది.

1958లో మరో ప్రతిపాదన వచ్చింది. అణుబాంబులు పేల్చి అలాస్కా వాయవ్య తీరంలోని కేప్ థాంప్సన్ దగ్గర నౌకాశ్రయం తవ్వుతామన్న ఆ పథకానికి ప్రాజెక్ట్ చారియట్ అని పేరు. దానికి ప్రధాన ప్రచారకుడు హైడ్రోజన్ బాంబు రూపకల్పనలో ప్రముఖుడైన భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టెల్లర్. ఆ చోటుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని పాయింట్ హోప్ గ్రామ మండలి దాన్ని ఏకగ్రీవంగా వ్యతిరేకించింది. పథకానికి అనుబంధంగా చేపట్టిన పర్యావరణ అధ్యయనాలు చివరకు పథకానికే ఎదురు తిరగడం ఇందులో విశేషం. అణు పరీక్షల నుంచి వెలువడిన ధూళి నాచు లాంటి లైకెన్ల మీద చేరుతుందని, వాటిని మేసే కారిబూ అనే జింకల్లోకి, ఆ మాంసం తినే మనుషుల్లోకి ఎక్కుతుందని అవి తేల్చాయి. 1962లో ప్రభుత్వం పథకాన్ని పక్కనపెట్టింది. అదే ఏడాది అక్కడ ప్రయోగం పేరుతో రేడియోధార్మిక మట్టిని పాతిపెట్టిన సంగతి మాత్రం 1992 దాకా బయటికి రాలేదు.

ఈ అనుభవాలు అనుమానాన్ని మిగిల్చాయి గాని అధికారాన్ని ఇవ్వలేదు. అధికారం చమురుతో వచ్చింది. 1968లో అలాస్కా ఉత్తర తీరంలోని ప్రూడో బేలో భారీ చమురు నిక్షేపం బయటపడింది. 1971లో మూలవాసుల భూ హక్కుల చట్టం వచ్చింది. 1972లో ఎబెన్ హాప్సన్ తొలి మేయరుగా నార్త్ స్లోప్ బరో అనే స్థానిక ప్రభుత్వం ఏర్పడింది (బరో అంటే జిల్లా వంటి పాలనా విభాగం; బారో ఊరు వేరు). చమురు సంస్థల ఆస్తుల మీద పన్ను వేసే హక్కు ఆ బరోకు దక్కింది. బడులు, వైద్యశాలలు, నీటి సరఫరా ఆ డబ్బుతోనే వచ్చాయి. సొంత శాస్త్రవేత్తలను నియమించుకునే స్తోమత కూడా దానివల్లే కలిగింది.

ఆ స్తోమత అవసరం 1977లో పడింది. బోహెడ్ తిమింగలాలు 600 నుంచి 2,000 మాత్రమే మిగిలి ఉండవచ్చని అంచనా వేసిన అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్, మూలవాసుల వేటను కూడా నిషేధించింది. ఇనుపియాట్‌లకు ఇది ఆహారానికీ ఆచారానికీ కలిపి పడిన దెబ్బ. ఒక్క తిమింగలం దొరికితే వేట పడవల బృందాలకు వాటాలు పడతాయి, ఊరివారికి పంపకం జరుగుతుంది. మిగిలినది శాశ్వతంగా గడ్డకట్టిన నేలలో తవ్విన నేలమాళిగల్లో దాచి జూన్‌లో జరిగే నలుకతాక్ పండుగకూ, క్రిస్మస్ విందుకూ తీస్తారు. విమానంలో వచ్చే సరుకులు వాటి ధర వల్ల దానికి ప్రత్యామ్నాయం కాలేవు.

వేటగాళ్లు నిషేధాన్ని మాత్రమే కాదు, లెక్కనే ప్రశ్నించారు. మంచు అంచున నిలబడి, మంచు చీలికల మధ్య తెరుచుకున్న నీటిలో కనిపించిన వాటినే అప్పటి పరిశీలకులు లెక్కించేవారు. తిమింగలాలు మంచుకు భయపడవని, దాని కింద నుంచి కూడా ప్రయాణిస్తాయని, తలతో మంచును పగలగొట్టి ఊపిరి పీల్చుకుంటాయని, తీరానికి చాలా దూరంగా కూడా వెళ్తాయని హ్యారీ బ్రోవర్ సీనియర్ వంటి అనుభవజ్ఞులు చెప్పారు. బరో తరఫున పనిచేసిన శాస్త్రవేత్త థామస్ ఆల్బర్ట్ ఆ మాటలను పరీక్షించదగిన ప్రతిపాదనలుగా తీసుకున్నారు. 1980లలో నీటిలో ధ్వనిగ్రాహకాలు దించి, కంటికి కనిపించని తిమింగలాల అరుపులను నమోదు చేశారు. వేటగాళ్లు చెప్పినదే నిజమని తేలింది, అంచనాలు వేలల్లోకి పెరిగాయి. 2011 లెక్క ప్రకారం ఆ సంఖ్య 16 వేలు దాటింది. దీనికి ముందే, 1977 డిసెంబరులో టోక్యోలో జరిగిన అంతర్జాతీయ కమిషన్ ప్రత్యేక సమావేశం తరువాతి ఏడాదికి 12 తిమింగలాలను తీరానికి చేర్చేందుకు, లేదా 18 సార్లు ఈటె వేసేందుకు అనుమతించింది. అప్పటికే ఏర్పడిన వేటగాళ్ల సొంత సంస్థ, అలాస్కా ఎస్కిమో తిమింగల వేట కమిషన్, వేట నిర్వహణ బాధ్యతను తీసుకుంది. దీన్ని సంప్రదాయ జ్ఞానం సాధించిన విజయంగా చెప్పడం పరిపాటి. అది నిజమే, కాని ధ్వనిగ్రాహకాలకు, పడవలకు, ఏళ్ల తరబడి జీతాలకు డబ్బు లేకుంటే ఆ జ్ఞానాన్ని అంతర్జాతీయ కమిషన్ బల్ల మీద ఎవరూ పెట్టగలిగేవారు కారు.

ఆరోగ్య రంగంలో మాత్రం అదే కాలంలో ఎదురుదెబ్బ తగిలింది. బారోలోని మద్యపాన సమస్యను పరిశీలించడానికి 1979లో బయటి నిపుణులతో ఒక అధ్యయనం జరిగింది. సమస్య వాస్తవమే, దాన్ని తెలుసుకోవాలన్న కోరిక స్థానిక యంత్రాంగానిదే. అయితే 1980 జనవరిలో ఫలితాలను ఫిలడెల్ఫియాలో విలేకరులకు విడుదల చేశారు. ఊరివారితో కూర్చుని వాటి అర్థాన్ని తేల్చుకున్న తరువాత చేయవలసిన పని అది. చమురు సంపద మొత్తం సమాజాన్ని తాగుడులోకి నెట్టిందన్నట్లు దేశవ్యాప్తంగా శీర్షికలు వచ్చాయి. బరో బాండ్ల రేటింగ్‌కు కూడా దెబ్బ తగిలిందన్నది ఈ ఉదంతంపై రాసినవారు తరచూ ప్రస్తావించే విషయం. ఒక ఆరోగ్య సర్వే ఊరి పరువుతో పాటు అప్పు పుట్టే శక్తినీ దెబ్బతీయగలదని అప్పుడు అందరికీ తెలిసింది. సమాజం మొత్తానికి జరిగే హానిని కూడా పరిశోధనా నైతికతలో లెక్కలోకి తీసుకోవాలన్న చర్చలో బారో ఉదంతం నేటికీ ఉదాహరణగా నిలుస్తోంది.

ఇప్పుడు బరో తన జనగణనను, ఆర్థిక సర్వేను తానే నిర్వహిస్తుంది. 2012లో తన ఆరోగ్య విభాగం ద్వారా వెలువరించిన సమగ్ర ఆరోగ్య నివేదికలో రోగాలతో పాటు ఇళ్ల ఇరుకునూ, ఆహార లభ్యతనూ, వేటనూ కలిపి చూసింది. వీటన్నిటికీ ఆధారం ఇంకా చమురు పన్నే. తిమింగలాలు వలస వెళ్లే సముద్రంలో చమురు తవ్వకాలను ప్రతిపాదించినప్పుడు వేట బృందాల నాయకులు ఎదురు నిలిచారు. భూమి మీద తవ్వకాలను బరో సాధారణంగా సమర్థిస్తూ వచ్చింది. ప్రూడో బే ఉత్పత్తి 1980ల చివరి నుంచి తగ్గుతూ ఉంది. తిమింగలాల లెక్కకు రేపు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు 2022 నియమావళిలో జవాబు లేదు.