టారోతో బహుమతి ఎంచుకోవడం: అపోహలు, వాస్తవాలు

దగ్గరివాళ్లకు ఏమివ్వాలో తేలక టారో డెక్ (జోస్యానికి వాడే బొమ్మల కార్డుల కట్ట) తీసేవాళ్లలో చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే దారి తప్పుతారు. ‘ఏం కొనాలి?’ అని అడుగుతారు. 78 కార్డుల్లో ఎక్కడా హెడ్‌ఫోన్స్ బొమ్మ ఉండదు, చేతి గడియారమూ ఉండదు. బరువు మోస్తున్నవాళ్లు, అలిసి పడుకున్నవాళ్లు, ఎదురొచ్చినదాన్ని చూడకుండా కూర్చున్నవాళ్లు ఉంటారు. అందుకే కార్డులను వస్తువు గురించి కాదు, మనిషి గురించి అడగాలి.

అపోహ: సరిగ్గా చదవడం వస్తే కార్డే వస్తువు పేరు చెబుతుంది.

వాస్తవం: ఎవరికి ఏం కావాలో కార్డుకు తెలియదు, తెలిసేది మీకే. రోజూ చూస్తున్నా పట్టించుకోని సంగతి మీద మీ చూపు నిలపడం వరకే కార్డు పని. కాబట్టి డెక్ ముట్టుకోకముందే ఒక కాగితం మీద ఆ మనిషి గురించి ఐదు సంగతులు రాయండి. గత నెల రోజుల్లో మీరు కళ్లారా చూసినవి, వాళ్ల నోట విన్నవి మాత్రమే రాయాలి. ‘చాలా మంచిది’, ‘నెమ్మదస్తుడు’ లాంటివి పనికిరావు. ‘కళ్లజోడు కాడకు టేపు చుట్టి వాడుతున్నాడు’, ‘ఫోన్ చేసిన ప్రతిసారీ నిద్ర చాలట్లేదంటోంది’ లాంటివి కావాలి. దాని కిందే ఎంత ఖర్చు పెట్టగలరో, ఏ తేదీకి ఇవ్వాలో రాసేయండి. ఈ రెండూ ముందే తేల్చుకోకపోతే, వచ్చిన కార్డు అందాన్ని బట్టి ఖర్చు పెరిగిపోతుంది.

ఇప్పుడు మూడు కార్డులు తీయండి. మొదటిది, వాళ్ల రోజులు ఇప్పుడెలా గడుస్తున్నాయి? రెండోది, ఏది చేరితే, లేదా ఏది తగ్గితే వాళ్లకు తెరిపి? మూడోది, ఇవ్వడంలో నేను ఎక్కడ జాగ్రత్తపడాలి? ఈ మూడో కార్డును చాలామంది వదిలేస్తారు. మిగతా రెండింటికన్నా ఎక్కువ మేలు చేసేది అదే.

ఒక ఉదాహరణ చూద్దాం. అక్క కోసం తీశారు. ఆరు నెలలుగా మంచానపడ్డ అత్తగారిని ఆమే చూసుకుంటోందని కాగితం మీద ఉంది. మొదటి కార్డు టెన్ ఆఫ్ వాండ్స్: పది కర్రలు గుండెకు హత్తుకుని నడుం వంగిపోయిన మనిషి, ముందు దారి కూడా కనపడనంత మోపు. రెండోది ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్: కత్తి పక్కన పెట్టి చేతులు జోడించి పడుకున్న యోధుడు. ఇక్కడ చాలామంది మంచి దిండో, మెత్తటి దుప్పటో కొనేస్తారు. కానీ ఆమెకు కరువైంది పడక కాదు, పడుకునే సమయం. రెండు రోజులు మీరు వెళ్లి ఆ బాధ్యత తీసుకోవడమే బహుమతి. మూడో కార్డు పేజ్ ఆఫ్ వాండ్స్ అనుకోండి. మొదట్లో ఉండే ఉత్సాహం తర్వాత ఉండదేమో చూసుకోమని హెచ్చరిక. కాబట్టి ‘ఎప్పుడైనా వస్తాలే’ అనకండి. అలా అంటే మళ్లీ నోరు తెరిచి అడగాల్సిన భారం ఆమె మీదే పడుతుంది. ఏ తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు అని రాసి చేతికివ్వండి.

మూడో స్థానంలో సిక్స్ ఆఫ్ పెంటకల్స్ వస్తే ఇంకాస్త ఆగి ఆలోచించాలి. ఒక చేత త్రాసు పట్టుకున్న ధనికుడు, మోకాళ్ల మీద ఉన్న ఇద్దరికి నాణేలు ఇస్తుంటాడు. మీ బహుమతి తీసుకునేవాళ్లకు చిన్నతనంగా అనిపిస్తుందా, బదులు తీర్చాలన్న బెంగ పెడుతుందా అన్నది ప్రశ్న. సెవెన్ ఆఫ్ కప్స్ వస్తే మీ జాబితా పెరిగిపోయిందని అర్థం, రెండుకు తగ్గించండి.

అపోహ: సిక్స్ ఆఫ్ కప్స్ వస్తే పాత జ్ఞాపకాలే ఇవ్వాలి.

వాస్తవం: పూలు నింపిన కప్పును చిన్నపిల్లకు అందిస్తున్న ఆ బొమ్మ పాత ఫొటోలను గుర్తుచేయడం సహజమే. కానీ ఈమధ్యే ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లకు ఆ ఫొటో గోడ మీద రోజూ ఎదురైతే ఓర్చుకోవడం కష్టం కావచ్చు. అలాంటప్పుడు ఫ్రేమ్ కన్నా మూసిపెట్టుకోగల ఆల్బమ్ నయం. ఫ్రేమే కట్టించాలంటే 4×6 అంగుళాల పాత ప్రింటును 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేయించండి. 2400×3600 పిక్సెళ్లు వస్తాయి, 8×10 అంగుళాల ప్రింటుకు చక్కగా సరిపోతాయి. 300లో చేయించి సాగదీస్తే ముఖాలు మసకబారతాయి.

అపోహ: మేజర్ ఆర్కానా వస్తే పెద్ద బహుమతి కొనాలి.

వాస్తవం: మేజర్ ఆర్కానా అంటే డెత్ లాంటి సొంత పేరున్న కార్డులు, 78లో 22. మూడు కార్డులు తీస్తే కనీసం ఒక్క మేజర్ వచ్చే అవకాశం సుమారు 64 శాతం. అంత మామూలుగా వచ్చేదాన్ని నమ్మి ఖర్చు పెంచకండి.

అపోహ: డెత్ (మృత్యువు) కార్డు వస్తే బహుమతి ఆలోచనే మానుకోవాలి.

వాస్తవం: ఈ ప్రశ్నలో 13వ కార్డు ముగిసిపోయినదాన్ని చూపిస్తుంది. ఆ మనిషి ఏది మానేశారు? ఉద్యోగమా, ఆటా, సంగీతమా? మానేసినదానికి సంబంధించిన వస్తువు ఇవ్వకండి. పరుగు మానేసిన మనిషికి పరుగు బూట్లు ఇస్తే ఆ లోటునే గుర్తుచేసినట్టవుతుంది.

అపోహ: క్వీన్ వస్తే ఆడవాళ్లకు, కింగ్ వస్తే మగవాళ్లకు.

వాస్తవం: పేజ్, నైట్, క్వీన్, కింగ్‌లను కోర్ట్ కార్డులంటారు; అవి మనిషి స్వభావాన్ని చెబుతాయి. నాన్నకు తీసినప్పుడు క్వీన్ ఆఫ్ కప్స్ రావడంలో తప్పేమీ లేదు.

అపోహ: నచ్చే కార్డు వచ్చేదాకా తీయొచ్చు.

వాస్తవం: రెండోసారి తీస్తున్నారంటే ఇవ్వాలనుకున్నది మీ మనసులో ముందే ఉందన్నమాట. ఏ కార్డు వస్తుందని ఎదురుచూశారో అదే కాగితం మీద రాసుకోండి. అది వాళ్లకు నచ్చేదా, మీకు నచ్చేదా అని చూసుకుంటే పని జరిగినట్టే. ప్రశ్నే తప్పనిపిస్తే మరుసటి రోజు ప్రశ్న మార్చి అడగండి.

వరుసగా ఒకే రకం కార్డులు వస్తే మాత్రం అర్థం వెతికేముందు కలపడం సరిగ్గా జరిగిందో లేదో చూడండి. కొత్త డెక్ సాధారణంగా వరుస క్రమంలో సర్ది వస్తుంది. చేతిలో నాలుగుసార్లు కలిపితే పక్కపక్క కార్డులు చాలావరకు విడిపోవు. బల్ల మీద బోర్లా పరిచి, రెండు చేతులతో నిమిషం పాటు కలియబెట్టి పోగుచేయండి.

అపోహ: ప్రేమతో అడుగుతున్నాం కాబట్టి ఏదైనా అడగొచ్చు.

వాస్తవం: వాళ్ల ఆరోగ్యం, కాపురం, డబ్బు సంగతులు వాళ్లు చెప్పకుండా కార్డుల్లో వెతకడం సరికాదు. బహుమతి ఇచ్చేటప్పుడు ‘నీకు ఈ కార్డు వచ్చింది’ అని చెప్పకండి. వస్తువు పక్కనపడి మాటంతా కార్డు చుట్టూ తిరుగుతుంది.

అపోహ: టారో ఈజిప్టు రహస్య విద్య; మొదటి డెక్ ఎవరైనా కానుకగా ఇస్తేనే పనిచేస్తుంది.

వాస్తవం: ఈ కార్డులు 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆట కోసం పుట్టాయి. ఈజిప్టు మాట 1781లో ఫ్రాన్స్‌లో కూర్ ద జెబెలాన్ అనే రచయిత రాసినది. ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్ ఈజిప్టు చిత్రలిపిని ఛేదించింది 1822లో, అంటే ఆ మాట రాసేనాటికి ఆ లిపి చదవగలిగినవాళ్లే లేరు. మొదటి డెక్ ఎవరికివారు కొనుక్కోవచ్చు.

డెక్‌నే కానుకగా ఇవ్వాలనుకుంటే నంబరు కార్డులు (ఒకటి నుంచి పది వరకు ఉండేవి) చూడండి. పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలతో 1909లో వచ్చిన డెక్‌లో ప్రతి నంబరు కార్డుకూ ఒక దృశ్యం ఉంటుంది. మార్సెయ్ అనే పాత ఫ్రెంచ్ రకం డెక్‌లో ఆ కార్డుల మీద కప్పులు, కత్తులు, నాణేలు, కర్రల వరుసలే ఉంటాయి, కొత్తవాళ్లకు చదవడం కష్టం. సాధారణ టారో కార్డు సుమారు 70×120 మిల్లీమీటర్లు, చిన్న చేతులకు కలపడం ఇబ్బంది. అలాంటివాళ్లకు చిన్న సైజు డెక్ వెతకండి. అట్టపెట్టె మీది బొమ్మను చూసి కాక, లోపలి నంబరు కార్డుల ఫొటోలు చూశాకే కొనండి.