ఎలుక తోక మీద పొలుసులు

1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టి ఏమవుతుందో చూశారు. మాంసకృత్తులు, పిండిపదార్థాలు, అప్పటికి తెలిసిన విటమిన్లు అన్నీ అందులో ఉన్నాయి. అయినా కొన్ని నెలలకు వాటి తోకలు పొలుసులు కట్టాయి, వెంట్రుకలు ఊడాయి. నీళ్లు మాత్రం తెగ తాగేవి. నూనెల్లో ఉండే లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని చాలా కొద్దిగా ఇవ్వగానే తేరుకున్నాయి.

ఆ తాగిన నీళ్లు ఎటు పోయాయన్న ప్రశ్నలోనే నాకు అసలు విషయం కనిపిస్తుంది. మన చర్మం పైపొర ఇటుక గోడ లాంటిది. చనిపోయిన కణాలు ఇటుకలైతే, వాటి సందుల్లో ఉండే కొవ్వులు సున్నం. ఆ సున్నంలో సెరమైడ్లు ముఖ్యమైనవి. వాటిలో ఒక రకానికి చివర లినోలిక్ ఆమ్లమే అతుక్కుని ఉండాలి. దాన్ని మన ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. అది దొరకనప్పుడు శరీరం తన దగ్గరున్న ఓలిక్ ఆమ్లం అనే మరో కొవ్వు ఆమ్లాన్ని ఆ చోట పెట్టి సర్దుకుంటుంది. కానీ గోడ నిలవదు. లోపలి నీరు ఆవిరైపోతూ ఉంటుంది, చర్మం పొట్టు రేగుతుంది.

మనుషుల్లోనూ ఇది కనిపించింది. పేగులు పనిచేయక, కొవ్వు లేని ద్రవాలను నరం ద్వారానే ఎక్కించుకున్న రోగుల చర్మం పొలుసులు కట్టింది. 1974లో ఈ లోటు ఉన్న కొందరికి పొద్దుతిరుగుడు నూనెను చర్మానికి రాస్తే లోటు తీరింది. నోటితో తినకుండానే!

అయితే అవసరమయ్యేది చాలా తక్కువ. రోజు మొత్తం కేలరీల్లో ఒకటి, రెండు శాతం లినోలిక్ ఆమ్లం నుంచి వస్తే ఈ లోపం రాదు. మామూలుగా తినేవాళ్లకు అది దాదాపుగా అందుతూనే ఉంటుంది. అందుకే జుట్టు రాలుతోందని టెన్షన్ పడి కొవ్వు ఆమ్లాల క్యాప్సూల్స్ కొనేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఇనుము లోపం, థైరాయిడ్, రెండు మూడు నెలల కిందట వచ్చిన పెద్ద జ్వరం, కాన్పు... వెతకాల్సిన కారణాలు ముందు ఇవి.

ఇక తల పైకి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు. దాని మీద పలచగా ఒక కొవ్వు ఆమ్లపు పూత గట్టిగా అంటుకుని ఉంటుంది. నీటి చుక్క జారిపోయేది దానివల్లే. బ్లీచ్ చేస్తే ఆ పూత పోతుంది. ఎంత మంచి తిండి తిన్నా అక్కడికి చేరదు. తిండి ఫలం కుదుళ్లకే అందుతుంది. అక్కడ మొలిచే కొత్త వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది.