మోత విన్నాక నొక్కితే ఆలస్యమే: క్లే షూటింగ్ ఫోటోల గురించి అపోహలు – వాస్తవాలు

యంత్రం గాలిలోకి విసిరే చిన్న పళ్లెం లాంటి క్లేను షాట్‌గన్‌తో పగలగొట్టే ఆటను ఫోటో తీయాలనుకునేవాళ్లు ముందు కెమెరా గురించే అడుగుతారు. సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఎంత పెద్ద లెన్స్ అని. అసలు తెలుసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. క్లే వదలమని షూటర్ ఎప్పుడు పిలుస్తారు, అది ఎంత దూరంలో పగులుతుంది, మనం నిలబడిన చోటు నుంచి ఏది కనిపిస్తుంది. ఈ మూడూ తెలిస్తే మామూలు కెమెరాతోనూ పని జరుగుతుంది. తెలియకపోతే ఎంత ఖరీదైన కెమెరా అయినా కార్డు నిండా ఖాళీ ఆకాశమే మిగులుతుంది.

అపోహ: తుపాకీ మోత వినగానే నొక్కితే క్లే పగిలే క్షణం దొరుకుతుంది

దొరకదు. లెక్క వేసి చూడండి. బ్యారెల్ దాటేటప్పుడు సీసపు గుళ్ల వేగం సెకనుకు 400 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. గాలిలో అది త్వరగా పడిపోతుంది కాబట్టి 35 మీటర్లు చేరడానికి సెకనులో పదో వంతు, ఇంకాస్త పడుతుంది. మోత విని మన వేలు కదలడానికే 0.2 సెకను కావాలి. ఆపైన కెమెరా తీసుకునే జాప్యం ఒకటి. మొదటి ఫ్రేము పడేసరికి ముక్కలు చెదిరి, రెండు మీటర్ల దాకా ముందుకు పోయి, ధూళి పలచబడి ఉంటుంది. తెరమీద చూసుకుని "బాగానే వచ్చిందే" అనుకునే ఫోటోల్లో చాలావాటి కథ ఇదే. నిజంగా పగిలే క్షణంలో ధూళి ముద్దగా, గట్టి అంచులతో ఉంటుంది.

ట్రాప్‌లో (ముందున్న గుంట నుంచి క్లేలు షూటర్‌కు దూరంగా ఎగిరే పోటీలో) అయితే మోతను కాదు, పిలుపును వినండి. షూటర్ గొంతును మైక్రోఫోన్ పట్టగానే క్లే బయటికొస్తుంది. అనుభవమున్నవారి మొదటి షాట్ సాధారణంగా సెకనులోపే పేలిపోతుంది, అది తప్పితే రెండోది దాని వెనకే. పిలుపు దగ్గర మొదలుపెట్టి సెకనున్నర నొక్కి ఉంచితే రెండూ దొరుకుతాయి. సెకనుకు 20 ఫ్రేముల కెమెరాలో అది 30 ఫ్రేములు. అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. రౌండ్‌కు ఒక్కొక్కరికి 25 క్లేలు, ఆరుగురి స్క్వాడ్‌కు 150. అన్నీ తీస్తే 4500 ఫ్రేములు. కార్డుకు రాసేలోపు ఫ్రేములను దాచుకునే కెమెరా బఫర్ నిండిపోయేది సరిగ్గా తర్వాతి షూటర్ పిలిచేటప్పుడే. అందుకే ఒక్క షూటర్‌ను ఎంచుకుని, వారి వంతు వచ్చినప్పుడే తీయండి. మిగతావాళ్ల వంతులో కార్డుకు రాసుకునే సమయం కెమెరాకు దొరుకుతుంది. షటర్ పూర్తిగా నొక్కకముందు నుంచే ఫ్రేములు దాచిపెట్టే ప్రీ-క్యాప్చర్ సౌకర్యం ఉంటే అది ఈ ఆటలో బాగా అక్కరకొస్తుంది.

స్కీట్‌లో (రెండు పక్కలున్న గదుల నుంచి క్లేలు అడ్డంగా ఎగిరే పోటీలో) ఈ పద్ధతి పనిచేయదు. ఒలింపిక్ స్కీట్‌లో పిలిచాక క్లే వెంటనే రావచ్చు, లేదా 3 సెకన్ల లోపు ఎప్పుడైనా రావచ్చు. కానీ అక్కడ మనకు కలిసొచ్చే నియమం ఒకటుంది. క్లే కనబడేదాకా తుపాకీ బట్ (వెనక చివర) జాకెట్ మీద కుట్టిన గుర్తు పట్టీని తాకుతూ ఉండాలి, భుజానికి ఎత్తకూడదు. కళ్లు ఆ పట్టీ మీదే పెట్టండి. బట్ దాన్ని వదిలి కదిలిందా, నొక్కేయండి.

అపోహ: లెన్స్ ఎంత పొడవైతే ఫోటో అంత బాగుంటుంది

క్లే వ్యాసం 110 మిల్లీమీటర్లు. 40 మీటర్ల దూరంలో, ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 400 మిల్లీమీటర్ల లెన్స్ తగిలించినా అది ఫ్రేము వెడల్పులో సుమారు 3 శాతమే ఆక్రమిస్తుంది. పైగా ఆ లెన్స్‌లో అక్కడ కనిపించేది 3.6 మీటర్ల వెడల్పే. ట్రాప్ క్లే ఎడమకైనా కుడికైనా 45 డిగ్రీల దాకా పోవచ్చు, ఎటు పోతుందో షూటర్‌కే తెలియదు. ఇక మన సంగతి చెప్పేదేముంది.

నిజానికి మనం తీసేది క్లేను కాదు, అది పగిలాక లేచే మబ్బును. అది మీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. 200 మిల్లీమీటర్ల దగ్గర ఫ్రేము వెడల్పు 7 మీటర్ల పైచిలుకు కాబట్టి మబ్బు నిండుగా కనిపిస్తుంది, తప్పిపోయే ప్రమాదం సగానికి తగ్గుతుంది. ఈ ఆటకు 70–200 లెన్స్ చాలు. పెద్ద లెన్స్ కావాల్సింది ముఖాల కోసం. చెంప స్టాక్‌కు (తుపాకీ వెనక భాగానికి) అతుక్కుని, ఒక కన్ను అద్దం వెనక బిగుసుకుని ఉండే ఆ ముఖానికి 400 మిల్లీమీటర్లు పెట్టినా దండగ కాదు. కుడి చేతి షూటర్ అయితే ఎడమ పక్క నుంచి తీయండి, కుడి పక్క నుంచి ముఖానికి స్టాక్, చెయ్యి అడ్డం పడతాయి.

అపోహ: పక్షులను పట్టే ఆటోఫోకస్ క్లేను కూడా పట్టేస్తుంది

క్లేకు కన్నూ లేదు, రెక్కా లేదు. ఫోకస్ వెళ్లి వెనకున్న చెట్ల మీదో, ముందున్న బ్యారెల్ మీదో కూర్చుంటుంది. అది అక్కడి నుంచి వెనక్కి వచ్చేసరికి అంతా అయిపోతుంది. దీనికన్నా దూరాన్ని ముందే బిగించడం మేలు. ట్రాప్‌లో షూటర్లు ట్రెంచ్‌కు (క్లేలు విసిరే యంత్రాలుండే గుంటకు) 15 మీటర్ల వెనక నిలబడతారు. మొదటి షాట్‌కు క్లే సాధారణంగా షూటర్ నుంచి 30–35 మీటర్లలో పగులుతుంది. మీరు ఐదు మీటర్లు వెనకుంటే 40 మీటర్ల దగ్గర ఫోకస్ బిగించి మాన్యువల్‌లోకి మార్చండి. 200 మిల్లీమీటర్లు, ఎఫ్/5.6 దగ్గర సుమారు 34 నుంచి 48 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. ఆ దూరంలో గడ్డి మీద పడి ఉన్న పాత ముక్కలే ఫోకస్‌కు మంచి గుర్తు. స్కీట్‌లో ఇంకా సులువు. రెండు హౌస్‌ల (క్లేలు విసిరే గదుల) నుంచి వచ్చే క్లేలు దాటే చోటు మైదానం మధ్యలో ఎప్పుడూ ఒకటే.

షూటర్ భుజం మీదుగా తుపాకీ, పగిలే క్లే రెండూ ఒకే ఫ్రేములో కావాలంటే 35 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్/11, ఫోకస్ 4 మీటర్ల దగ్గర. రెండు మీటర్ల నుంచి దిగంతం దాకా పనికొచ్చే స్పష్టత ఉంటుంది. మబ్బు చిన్న చుక్కలా వస్తుంది, నిజమే. అందుకే ఈ ఫోటోను ఫైనల్‌కు దాచుకోండి. ఫైనల్స్‌లో రంగు పొడి నింపిన ఫ్లాష్ టార్గెట్లు వాడతారు, చుక్క చిన్నదైనా రంగు వల్ల కంటికి ఆనుతుంది.

అపోహ: షటర్ వేగం పెంచితే గాలిలో గుళ్లు కనిపిస్తాయి

1/8000లో కూడా గుళ్లు 5 సెంటీమీటర్లు సాగిపోతాయి. ఇక ఫ్రేముకు, ఫ్రేముకు మధ్య 0.05 సెకను వ్యవధి ఉంటే అంతలో అవి 20 మీటర్ల దాకా పోయి ఉంటాయి. ఎప్పుడైనా పడితే అదృష్టం, దాన్ని పద్ధతి అనుకోవద్దు. బ్యారెల్ ముందు తెల్లగా కనిపించేది చాలాసార్లు గుళ్లు కాదు, వాటిని మోసుకొచ్చిన ప్లాస్టిక్ వాడ్. ముక్కలు గడ్డకట్టినట్టు రావడానికి 1/2000 నుంచి 1/4000 సరిపోతుంది. ఎఫ్/11తో 1/2000 కావాలంటే మంచి ఎండలోనూ ఐఎస్‌ఓ 1000 దగ్గర పెట్టాలి, ఆకాశం మబ్బు పడితే 4000 దాకా పోతుంది. ఇంకా వేగం పెంచితే దొరికేది గుళ్లు కాదు, నాయిస్.

అపోహ: షాట్ పేలగానే ఖాళీ కార్ట్రిడ్జ్ ఎగురుతుంది

సెమీ ఆటోమేటిక్‌లో అంతే. కానీ ట్రాప్, స్కీట్ పోటీల్లో దాదాపు అందరి చేతుల్లో ఉండేది ఒకదాని మీద ఒకటి రెండు బ్యారెళ్లున్న తుపాకీ. దాన్ని విరిచి తెరిచేదాకా కార్ట్రిడ్జ్ లోపలే ఉంటుంది. షాట్ అయ్యాక కెమెరా దించేసేవాళ్లు పోగొట్టుకునే ఫోటో ఇదే. కుడి చేతి షూటర్ బొటనవేలు తుపాకీ పై మీటను పక్కకు తోస్తుంది, బ్యారెళ్లు కిందికి వాలతాయి, కార్ట్రిడ్జ్‌లు వెనక్కి ఎగురుతాయి, ఛాంబర్ నుంచి పొగ పాయ ఒకటి మెల్లగా లేస్తుంది. బొటనవేలు కదలగానే నొక్కండి, 1/1000 చాలు. వెనక చెట్లలాంటి ముదురు రంగు ఉంటేనే పొగ కనిపిస్తుంది. సరిగ్గా వెనక నిలబడితే కార్ట్రిడ్జ్ వచ్చి లెన్స్‌కు తగులుతుంది, కాస్త పక్కకు జరగండి. కొందరు షూటర్లు దాన్ని అరచేత్తో ఆపేస్తారు. ఎవరికి ఆ అలవాటుందో మొదటి స్టేషన్‌లోనే (నిలబడి కాల్చే చోటే) గమనించుకోవాలి.

అపోహ: తుపాకీ ఖాళీగా ఉంటే ముందు నిలబడి తీసుకోవచ్చు

తీసుకోకూడదు. తుపాకీ ఖాళీగా ఉన్నా, విరిచి ఉన్నా, స్నేహితులే అయినా సరే. బ్యారెల్ ఎదుట మనిషి ఉండడు, అంతే. పత్రికల్లో చూసే ఎదురు ఫోటోలు రిమోట్ కెమెరాతో తీసినవి. రేంజ్ ఆఫీసర్ అనుమతి తీసుకుని, తుపాకులన్నీ తెరిచి ఖాళీ చేసి, రేంజ్ మూసినప్పుడు మాత్రమే ముందుకు వెళ్లి పెట్టి రావాలి. కెమెరా నేలకు ఆనుకుని, వారు చూపిన చోట, కాల్పుల గీతకు పక్కగా ఉండాలి. కింద ఇసుక సంచి, లెన్స్‌కు రక్షణ ఫిల్టర్ పెట్టండి. ఫోకస్‌ను మాన్యువల్‌లో బిగించి రింగ్‌కు టేప్ చుట్టండి. ఎక్కువమంది మరిచేది ఇంకోటి ఉంది, కెమెరా దానంతటదే నిద్రపోయే సెట్టింగ్ ఆపడం. రౌండ్ మధ్యలో కెమెరా పడుకుంటే లేపడానికి వెళ్లే వీలుండదు.

వెనకే ఉన్నాం కదా అని కళ్లద్దాలు, చెవి రక్షణ వదిలేయడం కూడా ఇలాంటి పొరపాటే. స్కీట్‌లో క్లేలు అడ్డంగా ఎగురుతాయి, ముక్కలు వెనక్కీ వస్తాయి. క్లే కాల్చిన మట్టి కాదు, సున్నపురాయి పొడి, పిచ్ (తారు లాంటి పదార్థం) కలిపి పోసింది. దాని ధూళి లెన్స్ మీద పడితే గుడ్డతో రుద్దకండి, ముందు బ్లోయర్‌తో ఊదేయండి. ఇక ఫ్లాష్ సంగతి: పోటీ ముగిసేదాకా అది బ్యాగులోనే.

అపోహ: సైలెంట్ షటరే మర్యాద

తుపాకులు పేలే చోట కెమెరా చప్పుడు ఎవరికీ పట్టదు. సెన్సర్‌ను మెల్లగా చదివే కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షటర్ వాడితే మాత్రం వేగంగా తిరిగే బ్యారెల్ వంకరగా వస్తుంది, ఎల్‌ఈడీ స్కోరు బోర్డు మీద చారలు పడతాయి. వేగంగా చదివే స్టాక్డ్ సెన్సర్ లేకపోతే మెకానికల్ షటరే వాడండి.

అపోహ: నిర్మలమైన నీలాకాశమే మంచి నేపథ్యం

నల్లటి ధూళి ఆకాశం మీద బాగానే కనిపిస్తుంది. లేత రంగు ధూళి మాత్రం తేలిపోతుంది, దానికి ముదురు చెట్లు కావాలి. ఉత్తరార్ధగోళంలో రేంజ్‌లను ఉత్తరం, ఈశాన్యం వైపు కాల్చేలా కట్టాలని అంతర్జాతీయ నియమాలు చెబుతాయి, సూర్యుడు షూటర్ కళ్లలో పడకుండా. అంటే రోజులో ఎక్కువసేపు వెలుగు మన వీపు వెనకే. ధూళి వెనక నుంచి వెలిగే ఫోటో కావాలంటే ఉదయం లేదా సాయంత్రం పక్కకు జరిగి వెతకాలి. ప్రకాశవంతమైన ఆకాశాన్ని కొలిచి కెమెరా షూటర్ ముఖాన్ని నల్లగా చేసేస్తుంది. టోపీ అంచు కింద ముఖం కనబడేలా మాన్యువల్ ఎక్స్‌పోజర్ పెట్టి, ఆకాశం కొంచెం తెల్లబడితే తెల్లబడనివ్వండి.

అపోహ: ఫోటోలో ధూళి ఉంటే హిట్ అన్నట్టే

మామూలు క్లే విషయంలో నియమం ప్రకారం కనీసం ఒక్క ముక్కయినా విడిపోవడం కంటికి కనిపించాలి. ధూళి మాత్రమే రాలి క్లే చెక్కుచెదరకుండా పోతే అది లాస్ట్, అంటే తప్పిపోయినట్టే. ఫోటోలో మాత్రం అలాంటి క్లే కూడా ధూళి తోకతో అద్భుతమైన హిట్‌లా కనిపిస్తుంది. శీర్షిక రాసేముందు ఆ ఫ్రేము సమయాన్ని స్కోరు షీట్‌తో సరిచూడండి. కెమెరా గడియారాన్ని పోటీ మొదలుకాకముందే సరిచేసి పెట్టుకుంటే ఆ పని నిమిషాల్లో అయిపోతుంది. ట్రాప్ క్వాలిఫికేషన్‌లో రెండో షాట్‌కు పగిలినా ఒక పాయింటే, ఫైనల్లో ఒక్క షాటే. కాబట్టి "మొదటి గురికే" అని రాయాలంటే బరస్ట్‌లో (వరుసగా తీసిన ఫ్రేముల్లో) వెనక్కి వెళ్లి, అంతకుముందు షాట్ పేలలేదని చూసుకున్నాకే రాయండి.